స్థానం–కాలం గ్రాఫ్ చూసి చలనం చెప్పడం ఎలా? దశలవారీ మార్గదర్శి

స్థానం–కాలం గ్రాఫ్ ఇచ్చి "ఈ వస్తువు ఎలా కదిలింది?" అని అడిగితే చాలామంది చూపు ముందు గీత ఎత్తు మీద పడుతుంది. అడిగింది వేగం అయినా సరే, ఎత్తు చూసే జవాబు రాసేస్తారు. సూత్రాలన్నీ కంఠతా వచ్చినవాళ్లు కూడా పప్పులో కాలేసేది ఇక్కడే.

ఒకే గీతలో మూడు సంగతులుంటాయి. ఎత్తు చూస్తే వస్తువు ఎక్కడుందో తెలుస్తుంది. వాలు చూస్తే ఎంత వేగంతో, ఏ వైపుకు పోతోందో తెలుస్తుంది. వంపు చూస్తే ఆ వేగం ఎలా మారుతోందో తెలుస్తుంది. ప్రశ్న ఈ మూడింటిలో దేన్ని అడుగుతోందో ముందు తేల్చుకుని, దాన్నే చూడాలి. కింద చెప్పేదంతా సరళరేఖ మీద ముందుకో వెనక్కో సాగే చలనం గురించి.

## 1. గీత కంటే ముందు అక్షాలు చూడండి

దీనికి అర నిమిషం చాలు. ఇది వదిలేస్తే మాత్రం తర్వాత చేసే లెక్కంతా వృథా కావచ్చు.

- అడ్డంగా కాలం, నిలువుగా స్థానం ఉన్నాయా? సాపేక్ష సిద్ధాంతంలో వాడే స్థలకాల చిత్రాల్లో కాలం నిలువుగా ఉంటుంది. అక్కడ గీత ఎంత నిటారుగా ఉంటే వస్తువు అంత నెమ్మది.
- నిలువు అక్షం మీద రాసింది స్థానమా, దూరమా, వేగమా?
- ప్రమాణాలు ఏమిటి? మీటర్లా, కిలోమీటర్లా? సెకన్లా, నిమిషాలా?
- రెండు అక్షాల మీద ఒక్కో గడి విలువ ఎంత?
- అక్షం సున్నా నుంచే మొదలైందా, మధ్యలోంచి మొదలైందా?
- ధన దిశగా దేన్ని తీసుకున్నారు? కుడివైపా, పైకా, స్థానం కొలిచే సెన్సర్ నుంచి దూరంగానా?

రెండో అంశం దగ్గర ఇంకాస్త ఆగాలి. దూరం–కాలం గ్రాఫ్, స్థానం–కాలం గ్రాఫ్ ఒకటి కావు. నడిచిన దూరం ఎప్పటికీ తగ్గదు కాబట్టి దూరం–కాలం గీత పైకి ఎక్కుతుంది, లేదంటే చదునుగా సాగుతుంది, కిందికి మాత్రం దిగదు. స్థానం గీత దిగవచ్చు, సున్నా దాటి రుణ విలువల్లోకీ పోవచ్చు. గీత కిందికి దిగుతున్నా నిలువు అక్షం మీద "దూరం" అని రాసి ఉంటే, అది ఏదో ఒక స్థిర బిందువు నుంచి ఉన్న దూరమని, అంటే స్థానమేనని అర్థం చేసుకోండి.

ఇంకో సంగతి. గ్రాఫ్ అంటే వస్తువు నడిచిన దారి బొమ్మ కాదు. గీత గుట్టలా లేచి దిగిందంటే వస్తువు గుట్టెక్కి దిగిందని కాదు. అది తిన్నని దారిలో ఒక వైపు పోయి, వెనక్కి తిరిగి వచ్చింది, అంతే.

## 2. గీతను ముక్కలుగా విడగొట్టండి

గీత స్వభావం మారిన ప్రతిచోటా, అంటే మలుపు తిరిగిన చోట, చదునైన చోట, వంగడం మొదలైన చోట, పెన్సిల్‌తో సన్నని నిలువు గీత గీయండి. ఆ తర్వాత ఒక్కో ముక్కనూ విడిగా చదవండి.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. తిన్నని పట్టా మీద ఒక చిన్న బండి కదులుతోంది. దాని గ్రాఫ్‌లో నాలుగు సరళరేఖా ఖండాలున్నాయి:

- 0 నుంచి 4 సెకన్లు: స్థానం 2 మీటర్ల నుంచి 10 మీటర్లకు
- 4 నుంచి 7 సెకన్లు: 10 మీటర్ల దగ్గరే
- 7 నుంచి 12 సెకన్లు: 10 మీటర్ల నుంచి −5 మీటర్లకు
- 12 నుంచి 20 సెకన్లు: −5 మీటర్ల నుంచి −1 మీటరుకు

లెక్క మొదలుపెట్టే ముందు ఒక్కో ముక్కకూ ఒక్కో వాక్యం మాటల్లో రాసుకోండి. "మూలబిందువుకు (స్థానం సున్నా అయిన చోటుకు) 2 మీటర్ల అవతల బయల్దేరి ధన దిశలో సమవేగంతో పోయింది. మూడు సెకన్లు ఆగింది. వెనక్కి తిరిగి ఇంకా వేగంగా వచ్చి, మూలబిందువును దాటి రుణ వైపుకు వెళ్లింది. మళ్లీ ధన దిశకు తిరిగి నెమ్మదిగా నడిచింది." ఈ నాలుగు వాక్యాలు తప్పు లేకుండా వస్తే సగం పని అయిపోయినట్టే. లెక్క గుర్తు తప్పినా ఈ వాక్యాలే పట్టిస్తాయి.

## 3. వాలు కట్టండి: మార్పును మార్పుతో భాగించాలి

సరళరేఖా ఖండంలో వేగం అంటే స్థానంలో మార్పును కాలంలో మార్పుతో భాగిస్తే వచ్చేది.

- మొదటి ముక్క: (10 − 2) ÷ (4 − 0) = 2 మీ./సె.
- రెండోది: 0 ÷ 3 = 0
- మూడోది: (−5 − 10) ÷ (12 − 7) = −15 ÷ 5 = −3 మీ./సె.
- నాలుగోది: (−1 − (−5)) ÷ (20 − 12) = 4 ÷ 8 = 0.5 మీ./సె.

ఇప్పుడు అందరూ చేసే పొరపాటు చూడండి. "4వ సెకనుకు కాస్త ముందు వేగం ఎంత?" అని అడిగితే, అక్కడ స్థానం 10, కాలం 4 కాబట్టి 10 ÷ 4 = 2.5 అని రాసేస్తారు. అది తప్పు. బండి 2 మీటర్ల దగ్గర బయల్దేరిందన్న సంగతి ఆ లెక్కలో లేదు. ఎత్తును కాలంతో భాగిస్తే సరైన జవాబు వచ్చేది గీత రెండు అక్షాలూ సున్నా అయిన బిందువు నుంచి తిన్నగా వచ్చినప్పుడు మాత్రమే. చాలా అభ్యాసాల్లో గీత సున్నా నుంచే మొదలవుతుంది కనుక ఈ తప్పుడు అలవాటు చాలాకాలం బయటపడదు.

నాలుగో ముక్క కూడా ఇలాగే తికమక పెడుతుంది. అక్కడ స్థానం మొత్తం రుణాత్మకమే, వేగం మాత్రం ధనాత్మకం. మూలబిందువుకు అటువైపు ఉన్న బండి ఇటువైపుకు వస్తోందన్నమాట. స్థానం గుర్తుకూ వేగం గుర్తుకూ ఏ సంబంధమూ లేదు.

కోణమానినితో గీత కోణం కొలిచి వేగం చెప్పాలని చూడకండి. కాగితం మీద 45 డిగ్రీలు ఉన్నంత మాత్రాన వేగం 1 మీ./సె. అయిపోదు. ఒక గడి అడ్డంగా 1 సెకను, నిలువుగా 5 మీటర్లు అయితే అదే 45 డిగ్రీల గీత 5 మీ./సె. చెబుతుంది. విలువలు ఎప్పుడూ అక్షాల మీంచే చదవాలి.

ప్రమాణాలు కూడా మార్చుకోవాలి. 5 నిమిషాల్లో 3 కిలోమీటర్లు అంటే 3000 ÷ 300 = 10 మీ./సె., అంటే గంటకు 36 కిలోమీటర్లు. మీ./సె. విలువను 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి.

## 4. స్థానభ్రంశం, దూరం, సగటులు

స్థానభ్రంశానికి, అంటే మొదటి చోటు నుంచి చివరి చోటుకు వచ్చిన మార్పుకు, చివరి ఎత్తులోంచి మొదటి ఎత్తు తీసేస్తే చాలు: −1 − 2 = −3 మీటర్లు. మధ్యలో ఏం జరిగిందన్నది దీనికి అక్కర్లేదు.

దూరానికి ఆ సులువు లేదు. ఒక్కో ముక్కలో ఎత్తు ఎంత మారిందో గుర్తు తీసేసి కలపాలి: 8 + 0 + 15 + 4 = 27 మీటర్లు.

- సగటు వేగం (స్థానభ్రంశం ÷ కాలం): −3 ÷ 20 = −0.15 మీ./సె.
- సగటు వడి (దూరం ÷ కాలం; వేగానికి దిశ ఉంటుంది, వడికి ఉండదు): 27 ÷ 20 = 1.35 మీ./సె.

నాలుగు ముక్కల వేగాలను కూడి నాలుగుతో భాగించేవాళ్లున్నారు. ముక్కల కాలవ్యవధులు సమానం కానప్పుడు అది చెల్లదు. ఇక్కడ అలా చేస్తే −0.125 వస్తుంది. అసలు జవాబుకు దగ్గరగానే ఉందనిపించి మోసపోతాం, కానీ అది తప్పే.

## 5. గీత వంకరగా ఉంటే: స్పర్శరేఖ గీయడం

వక్రం మీద వాలు ప్రతి బిందువు దగ్గరా మారుతుంది. ఒక క్షణంలోని వేగం కావాలంటే ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ, అంటే అక్కడ వక్రాన్ని తాకుతూ దాని దిశలోనే పోయే సరళరేఖ గీసి, దాని వాలు కట్టాలి. ఇది చేతిపని. కాస్త అలవాటైతేనే కుదురుతుంది.

1. అడిగిన కాలం దగ్గర నుంచి నిలువుగా పైకి పోయి, వక్రం మీద బిందువు గుర్తు పెట్టండి.
2. పారదర్శకమైన స్కేలును ఆ బిందువుకు ఆనించండి. బిందువుకు రెండు వైపులా వక్రం స్కేలు అంచు నుంచి ఒకే తీరుగా విడిపోయేదాకా స్కేలును మెల్లగా తిప్పండి.
3. సన్నని పెన్సిల్‌తో పొడవాటి రేఖ గీయండి. ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్క చాలదు.
4. ఆ రేఖ మీద దూరదూరంగా రెండు బిందువులు తీసుకోండి. అవి స్పర్శరేఖ మీదివి కావాలి, వక్రం మీదివి కాకూడదు.
5. వాటితో లంబకోణ త్రిభుజం గీసి, నిలువు మార్పును అడ్డం మార్పుతో భాగించండి.

త్రిభుజం ఎంత పెద్దదైతే చదవడంలో వచ్చే దోషం వాలు మీద అంత తక్కువ ప్రభావం చూపుతుంది. అర గడి తప్పు చదివారనుకోండి. రెండు గడుల త్రిభుజంలో అది నాలుగో వంతు తేడా, ఇరవై గడుల త్రిభుజంలో నలభయ్యో వంతు తేడా.

చేయి కుదరకపోతే చిన్న సమతల దర్పణం వాడండి. దాన్ని కాగితం మీద నిలువుగా, ఆ బిందువు దగ్గర వక్రానికి అడ్డంగా నిలబెట్టండి. వక్రమూ అద్దంలోని దాని ప్రతిబింబమూ విరుపు లేకుండా ఒకే గీతలా కలిసేదాకా అద్దాన్ని తిప్పండి. అప్పుడు అద్దం అంచు వెంట గీసింది లంబరేఖ. మూలమట్టంతో దానికి లంబంగా గీస్తే స్పర్శరేఖ వచ్చేస్తుంది. నన్నడిగితే కంటి అంచనా కంటే ఇదే మేలు.

గీత విరిగినట్టు మూల తిరిగిన చోట స్పర్శరేఖ ఉండదు. మన బండి గ్రాఫ్‌లో 4వ సెకను అలాంటిదే: ముందు 2, తర్వాత 0. నిజమైన బండి వేగం ఒక్క క్షణంలో అలా మారలేదు కాబట్టి ఆ మూల నిజానికి కాస్త గుండ్రంగా ఉండాలి. సమస్యల్లో సులువు కోసం దాన్ని మూలగా గీస్తారు.

## 6. వంపు చూసి త్వరణం చెప్పడం

ఎక్కువమందికి తికమక ఇక్కడే. వడి పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది ఒక ప్రశ్న. త్వరణం (వేగం మారే రేటు) గుర్తు ఏమిటన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపేస్తే జవాబు తప్పుతుంది.

ఉండేది నాలుగే రకాలు:

- పైకి ఎక్కుతూ మరింత నిటారవుతోంది: ధన దిశలో వడి పెరుగుతోంది, త్వరణం ధనాత్మకం.
- పైకి ఎక్కుతూ చదునవుతోంది: ధన దిశలో వడి తగ్గుతోంది, త్వరణం రుణాత్మకం.
- కిందికి దిగుతూ మరింత నిటారవుతోంది: రుణ దిశలో వడి పెరుగుతోంది, త్వరణం రుణాత్మకం.
- కిందికి దిగుతూ చదునవుతోంది: రుణ దిశలో వడి తగ్గుతోంది, త్వరణం ధనాత్మకం.

వీటిని బట్టీ పట్టక్కర్లేదు. వక్రం గిన్నెలా నోరు పైకి తెరిచి ఉంటే త్వరణం ధనాత్మకం, బోర్లించిన గిన్నెలా ఉంటే రుణాత్మకం. వస్తువు ఏ వైపు పోతోందన్నది దీనికి అనవసరం. వాలు, త్వరణం ఒకే గుర్తుతో ఉంటే వడి పెరుగుతుంది, వేర్వేరు గుర్తులుంటే తగ్గుతుంది. "రుణ త్వరణం అంటే నెమ్మదించడం" అన్న మాట మూడో రకం దగ్గర చెల్లదు.

దగ్గర నుంచి చూడటానికి నిట్టనిలువుగా పైకి విసిరిన బంతిని తీసుకుందాం. తొలి వేగం 20 మీ./సె., గురుత్వ త్వరణం 10 మీ./సె.² అనుకుని, గాలి నిరోధాన్ని వదిలేద్దాం. 0, 1, 2, 3, 4 సెకన్ల దగ్గర ఎత్తులు వరుసగా 0, 15, 20, 15, 0 మీటర్లు. బంతి దారి ఒక నిలువు గీత. గ్రాఫ్ మాత్రం బోర్లించిన పరావలయం.

1వ సెకను దగ్గర స్పర్శరేఖ వాలు 10. 2వ సెకను దగ్గర 0. 3వ సెకను దగ్గర −10. అంటే సెకనుకు 10 చొప్పున వాలు తగ్గుతూనే ఉంది. శిఖరం దగ్గర వాలు సున్నా అయింది కానీ వంపు పోలేదు, అంటే త్వరణం అక్కడ కూడా −10. శిఖరం దగ్గర త్వరణం సున్నా అని రాసేవాళ్లు, త్వరణం అడిగితే వాలు చూసి చెబుతున్నారన్నమాట.

త్వరణం మారకుండా ఉన్నప్పుడు ఒక సులువు ఉంది: ఏ కాలవ్యవధిలోనైనా సగటు వేగం, దాని మధ్య క్షణంలోని వేగానికి సమానం. బంతి 0.5 సెకను దగ్గర 8.75 మీటర్ల ఎత్తులో, 1.5 సెకన్ల దగ్గర 18.75 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తేడా 10 మీటర్లు, కాలం 1 సెకను. 1వ సెకను దగ్గర వేగం 10 మీ./సె. అని స్పర్శరేఖ గీయకుండానే వచ్చేసింది. త్వరణం మారుతుంటే మాత్రం ఇది ఉజ్జాయింపే.

## 7. ఒకే గ్రాఫ్‌లో రెండు గీతలు

గీతలు కలుసుకున్న చోట రెండు వస్తువులూ ఒకే సమయంలో ఒకే స్థానంలో ఉన్నాయి. వాటి వేగాలు సమానం కావాలని లేదు. వేగాలు సమానమయ్యేది వాలులు సమానమైన చోట.

మొదటి వస్తువు 3 మీ./సె. సమవేగంతో పోతోంది. రెండోది అదే చోటు నుంచి, అదే క్షణంలో, నిశ్చల స్థితి నుంచి 1 మీ./సె.² త్వరణంతో బయల్దేరింది. ఒకదాని గీత తిన్నగా, రెండోదాని గీత గిన్నె ఆకారంలో ఉంటాయి.

3వ సెకను దగ్గర వక్రానికి గీసిన స్పర్శరేఖ, మొదటి వస్తువు గీతకు సమాంతరం. అక్కడ రెండింటి వేగమూ 3 మీ./సె. మొదటిది 9 మీటర్ల దగ్గర, రెండోది 4.5 మీటర్ల దగ్గర ఉన్నాయి. రెండోది అందుకోకముందు వాటి మధ్య ఎడం అన్నిటికంటే ఎక్కువయ్యేది ఇక్కడే. ఆ తర్వాత ఎడం తగ్గుతూ వచ్చి, 6వ సెకనుకు 18 మీటర్ల దగ్గర గీతలు కలుస్తాయి. ఆ క్షణంలో రెండోదాని వేగం 6 మీ./సె., మొదటిదానికి రెట్టింపు.

"ఏది ముందుంది?" అంటే ఎత్తు చూడండి. "ఏది వేగంగా పోతోంది?" అంటే వాలు చూడండి. 4వ సెకను దగ్గర వెనకున్న వస్తువే ఎక్కువ వేగంతో పోతోంది.

## 8. వేగం గ్రాఫ్ గీసి సరిచూసుకోండి

కట్టిన వాలులతో వేగం–కాలం గ్రాఫ్ గీయండి. మన బండికి నాలుగు అడ్డగీతలు వస్తాయి: 2, 0, −3, 0.5 ఎత్తుల్లో. ఇప్పుడు ఒక్కో గీతకూ కాల అక్షానికీ మధ్య వైశాల్యాన్ని గుర్తుతో సహా కూడండి: 8 + 0 − 15 + 4 = −3. నాలుగో దశలో వచ్చిన స్థానభ్రంశం ఇదే. ఇది కలవకపోతే ఏదో ఒక వాలు తప్పింది. ముందు గుర్తులు చూడండి.

## 9. ప్రయోగంలో వచ్చిన గ్రాఫ్ అయితే

అచ్చులో కనిపించే నున్నని గీత సెన్సర్ నుంచి రాదు. బిందువులు కాస్త పైకీ కిందికీ చెదిరి ఉంటాయి. వాటిని ఒకదానికొకటి రంపం పళ్లలా కలపకండి. వాటి మధ్యగా నున్నని గీత గీసి, దాని వాలే తీసుకోండి.

పక్కపక్క బిందువుల తేడాతో వేగం కడితే చిన్న కొలత దోషం కూడా ఉబ్బిపోతుంది. 0.02 సెకన్ల ఎడంతో ఉన్న రెండు బిందువుల మధ్య స్థానం 2 మిల్లీమీటర్లు తప్పితే, వేగం 0.1 మీ./సె. తప్పుతుంది. పట్టికలోంచి కట్టేటప్పుడు ఒక బిందువు దగ్గర వేగానికి దాని తర్వాతి స్థానంలోంచి ముందరి స్థానం తీసేసి, ఆ రెండింటి మధ్య కాలంతో భాగించండి.

గీత ఉన్నట్టుండి నిలువుగా ఎగిరితే వస్తువు ఎగిరిందనుకోకండి. నిలువు గీత అంటే ఒకే క్షణంలో అనేక స్థానాలు, అది జరగదు. సెన్సర్ ఎదురుగా ఇంకేదో అడ్డొచ్చి ఉంటుంది, లేదా వస్తువు దాని పరిధి దాటి ఉంటుంది. చేత్తో గీసిన గ్రాఫ్‌లో గీత వెనక్కి, ఎడమవైపుకు మళ్లినా ఇదే తప్పు.

## 10. మీరే చేసి చూడండి

ఒక వస్తువు గ్రాఫ్‌లో మూడు సరళరేఖా ఖండాలు: 0–3 సెకన్లలో −6 నుంచి 0 మీటర్లకు, 3–5 సెకన్లలో 0 దగ్గరే, 5–9 సెకన్లలో 0 నుంచి −8 మీటర్లకు.

ప్రశ్నలు:

1. 2వ సెకను దగ్గర స్థానం ఎంత, వేగం ఎంత?
2. వస్తువు −4 మీటర్ల దగ్గర ఎప్పుడెప్పుడు ఉంది?
3. మొత్తం ప్రయాణానికి సగటు వేగం, సగటు వడి ఎంత?

జవాబులు:

1. స్థానం −2 మీటర్లు, వేగం 2 మీ./సె. ఎత్తును కాలంతో భాగించి ఉంటే −1 వచ్చి ఉంటుంది, విలువతోపాటు దిశ కూడా తారుమారు. అలా వస్తే మూడో దశ మళ్లీ చదవండి.
2. 1వ సెకను దగ్గర, 7వ సెకను దగ్గర. −4 ఎత్తులో అడ్డగీత గీస్తే అది గ్రాఫ్‌ను రెండు చోట్ల కోస్తుంది. ఒకటే రాసి ఉంటే మీరు ఆ అడ్డగీత గీయలేదన్నమాట.
3. స్థానభ్రంశం −8 − (−6) = −2 మీటర్లు, కాబట్టి సగటు వేగం సుమారు −0.22 మీ./సె. దూరం 6 + 8 = 14 మీటర్లు, సగటు వడి సుమారు 1.56 మీ./సె. ఆగి ఉన్న రెండు సెకన్లను కూడా కాలంలో కలిపి 9తోనే భాగించాలి, 7తో కాదు.